ఎదురుకాళ్ల పిల్ల

"ఇది ఎన్నోసారమ్మా?" అని అడిగాడు మిర్యాలగూడ ఎముకల డాక్టరు.

"తొమ్మిదోసారి సార్," అంది దేవిక.

పక్కన నిలబడ్డ తల్లి సరోజ తలదించుకుంది. కూతురి కుడి చీలమండ వాచి నున్నగా మెరుస్తోంది. నాలుగు రోజుల కింద కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టిన పరుగు పరీక్షలో, గీత ఇంకా యాభై మీటర్లు ఉందనగా, రాయీ లేదు రప్పా లేదు, చదునైన నేల మీద ఆ కాలు దానంతటదే పక్కకు ఒరిగిపోయింది. ఆ ఉద్యోగం వస్తే ఇల్లు వదిలిపోవచ్చని రెండేళ్లు హైవే పక్కన పరుగులు తీసిన పిల్ల. పడిపోయాక పాకుతూ అయినా గీత దాటాలని చూసింది. అప్పటికే టైమైపోయింది.

డాక్టరు పాదాన్ని మెల్లగా అటూ ఇటూ వంచి చూశాడు. మొదటిసారి బెణికినప్పుడే కీలును పట్టి ఉంచే లిగమెంట్లు తెగి, సరిగా అతుక్కోలేదన్నాడు. సాగిపోయిన రబ్బరు బ్యాండులా వదులుగా ఉండిపోయాయట. వదులైన కీలు మళ్లీ మళ్లీ బెణుకుతుంది, బెణికిన ప్రతిసారీ ఇంకొంచెం వదులవుతుంది. చివరికి అడుగు ఎటు పడుతోందో కాలికే తెలియకుండా పోతుంది. ఆపరేషన్ చేస్తే నడకకు ఢోకా ఉండదు, పరుగు సంగతి మాత్రం చెప్పలేనన్నాడు.

"మొదటిసారి కట్టు ఎన్నాళ్లు ఉంచారు?"

దేవిక తల్లి వైపు చూసింది. తల్లి కిటికీ వైపు చూసింది.

"ఆదివారం దాకా సార్."

డాక్టరుకు అర్థం కాలేదు. వాళ్ల ఊరు మునగాల చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్పేవారు. దేవిక ఎదురుకాళ్ల పిల్ల. తల కంటే ముందు కాళ్లు బయటపెట్టి పుట్టినవాళ్లు మూడుసార్లు తంతే, పట్టేసిన నడుం వదులుతుందని నమ్మకం. ఆదివారం పొద్దున వాళ్ల వాకిట్లో జనం వరస కడతారు. మఠంపల్లి సిమెంటు లారీల డ్రైవర్లు, నాట్లు వేసి నడుములు పడిపోయిన ఆడవాళ్లు, కోదాడ నుంచి కార్లలో దిగే షావుకార్లు. తన్నించుకోవడానికి ఇంత పోటీ లోకంలో ఇంకెక్కడా ఉండదు.

ఈ వైభవానికంతా మూలం నాయనమ్మ శాంతమ్మ. మూడోదీ ఆడపిల్లే అయితే నా గడప తొక్కనియ్యనని, కోడలు నిండు నెలలతో ఉండగానే తేల్చి చెప్పిన మహాతల్లి. సూర్యాపేట దవాఖానలో సరోజ ఒక్కతే కనింది, ఒక్కతే పడుకుంది. ఆడపిల్లని తెలిసి రెండు రోజులు ఆ ఇంటి నుంచి చెంబెడు నీళ్లు కూడా రాలేదు. మూడో రోజు, పిల్ల ఎదురుకాళ్లతో పుట్టిందన్న కబురు చేరింది. శాంతమ్మ మొదటి బస్సుకే వచ్చి, ఆ పసిపాదాన్ని తన నడుముకు మూడుసార్లు ఆనించుకుంది. పదేళ్ల నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందని వార్డంతా చాటింది. పిల్లను తనే ఎత్తుకుని ఇంటికి తెచ్చింది.

దేవికకు పద్నాలుగేళ్లప్పుడు బడిలో ఖోఖో ఆడుతుంటే కాలు బెణికింది. సూర్యాపేటలో కట్టు కట్టి, మూడు వారాలు కదిలించొద్దన్నారు. నాలుగో రోజుకే ఆదివారం వచ్చింది.

"జర మూడు వారాలు ఆగుదాం అత్తమ్మా. కాలు బాగయినంక తంతది," అని బతిమాలింది సరోజ.

"గంత దూరం నుంచి వచ్చినోళ్లను వాపస్ పంపుతమా? ఎడమకాలు పనికిరాదు, కుడికాలుతోనే తన్నాలె. కట్టు మీద తంతే ఏం ఫాయిదా? పాదం ఒంటికి తగలాలె," అంటూ శాంతమ్మ కత్తెర తెచ్చింది.

ఆ రోజు పదిహేడు మంది నడుములు బాగయ్యాయట. ప్రతి తాపుకూ దేవిక పళ్లు బిగబట్టింది. తర్వాత ఎన్నిసార్లు బెణికినా ఇదే కథ. దవాఖానలో కట్టడం, ఆదివారం విప్పడం.

సరోజ మాత్రం వంటింట్లోకి వెళ్లి తలుపేసుకునేది. ఆమె ఎప్పుడూ అంతే. పిల్ల నిలబడడం నేర్చిన నాటి నుంచీ ఏ ఆదివారమూ ఆ వరస వైపు కన్నెత్తి చూసింది లేదు. అత్తకు ఎదురు చెప్పలేని మెత్తటి మనిషని ఊరు జాలిపడేది. తనకు నడుం పట్టేసినా ఇంత తైలం రాసుకుని పడుకునేదే గానీ, కూతురి కాలు అడిగేది కాదు. కన్నకూతురితో తన్నించుకోవడం నామోషీ కాబోలనుకున్నారు.

మిర్యాలగూడ నుంచి వచ్చిన మర్నాడు ఆదివారం. ఎనిమిదింటికల్లా వాకిట్లో ఇరవై మంది చేరారు. శాంతమ్మ కత్తెర పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. డాక్టరు కట్టిన కొత్త కట్టు ఇంకా తెల్లగానే ఉంది.

ఈసారి దేవిక ఏడవలేదు, కాలు వెనక్కి లాక్కోలేదు. తనే చాపి ఇచ్చింది. కాపాడుకోవడానికి ఇక ఆ కాల్లో ఏం మిగిలింది గనక? కత్తెర ఆడుతుంటే తల్లి ముఖంలోకి చూసింది.

"నన్ను గూడ అందరి లెక్క తలతోని కంటే నీకేం పోయేదే అమ్మా?"

సరోజ నోరు తెరిచింది. వాకిట్లో ఎవరో దగ్గారు. నోరు మూసుకుని, వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది.

దేవిక తలతోనే పుట్టింది. ఆ గడప లోపలికి పిల్లను తీసుకుపోయే దారి దొరక్క, మూడో రోజు పొద్దున ఎదురుకాళ్లని కబురు పంపింది సరోజే.