పాతరకం బోర్డు

"పాతరకం బోర్డే చాలన్నాను కదా. బిల్లు వెయ్యి."

ఆయన గొంతు పెంచేసరికి కంప్యూటర్ సామాన్ల షాపతను చేతిలోని అట్టపెట్టెతో అలాగే ఆగిపోయాడు.

"అది కాదన్నా. మీరు ఇళ్ళ ప్లాన్లు గీసేవాళ్ళు. ఈ ప్రాసెసర్ మీ పనికి ఇవాళ బాగానే సరిపోతుంది. కానీ ఈ మదర్‌బోర్డులో కొత్తరకం ప్రాసెసర్లేవీ పట్టవు. మళ్ళీ మార్చాలంటే బోర్డుతో సహా మార్చాల్సిందే. అదే ఈ రెండో బోర్డు తీసుకుంటే, ముందుముందు ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుంటే చాలు."

"విన్నారా!" అంది భార్య. ఆమె ఇంట్లో బట్టలు కుడుతుంది. "పిల్లల గౌను కుట్టేటప్పుడు లోపల మడత వదలమూ? ఇదీ అంతే."

"పెరిగే పిల్లలకి వదులుతావు. నాకెందుకు?"

ఆయన మెడలోని గడ్డ నుంచి ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఏ సంగతీ ఇవాళే ఫోన్ చేసి చెబుతామన్నారు. ఇంట్లో కూర్చుంటే గోడలు మింగేసేలా ఉన్నాయంటూ ఆయనే ఆమెను బయల్దేరదీశాడు. ఒప్పుకున్న ప్లాను ఒక్కటీ పూర్తిచేసి ఇచ్చేస్తే చాలట. ఆపైన మాటెత్తడు.

"కరవని పాముకి మంత్రం వేయించుకుంటారేం?" అంది గొంతు తగ్గించి. బల్ల మీది పెట్టె ఒకటి చేతిలోకి తీసుకుంది. "పోనీ కూలరైనా మంచిది తీసుకోండి. కంప్యూటర్లో పాత ఫ్యాను పిండిమరలా మోగుతోంది."

"మోగనీ. దానికీ నాకూ జోడీ. నడిచినన్నాళ్ళు నడుస్తాం."

అప్పుడే ఫోన్ మోగింది. నంబరు చూసి, మాట్లాడకుండా అద్దం తలుపు తోసుకుని బయటికి వెళ్ళాడు.

వెనకే వెళ్దామనుకుంది. తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. అద్దంలోంచి ఆయన వీపొక్కటే కనిపిస్తోంది. ఎవరిదో స్కూటర్ సీటు మీద చెయ్యి ఆనించి, తల వంచుకుని వింటున్నాడు. ఆమె చేతిలోని కూలర్ పెట్టె మూల నొక్కుకుపోయింది.

"కూర్చో అక్కా," అంటూ షాపతను స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

ఆయన లోపలికి వచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆమె వంక చూడలేదు. బల్ల మీది పెట్టెలన్నీ ఒక్కచేత్తో పక్కకి నెట్టేశాడు.

"బిల్లు ఆపెయ్ తమ్ముడూ. ఇవేవీ వద్దు."

ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని, "పదండి, ఇంటికెళ్దాం," అంది మెల్లగా.

"ఉండవే, తొందరేముంది?" ఆయన స్టూలు లాక్కుని తాపీగా కూర్చున్నాడు. "తమ్ముడూ, ఆ రెండో బోర్డులో ఎన్నేళ్ళ తర్వాత వచ్చే ప్రాసెసర్లు పడతాయో చెప్పు. ఐదేళ్ళంటే మాత్రం నాకు చాలదు."