అంటుకోని బుడగలు

“బుడగలా ఇవి? బూడిద! బ్యాచ్ మొత్తం పారబోయించండి, ఇప్పుడే!”

జిన్నారం దారిలోని ఆ మందుల కంపెనీ ల్యాబ్‌లో యూనిట్ హెడ్ భీమశంకరం అరుపు అద్దాలు దాటి వినిపిస్తోంది. ఎదురుగా నిలబడ్డ సుకుమారికి ఒళ్లు మండిపోతోంది. ఆ బుడగల మందు ఆమె తయారుచేసింది. నెత్తురులోకి ఎక్కిస్తే కందిగింజంత కేన్సర్ గడ్డనైనా వెతికి పట్టుకుని, దానికే అతుక్కుంటాయి ఆ బుడగలు. అప్పుడు స్కానింగ్ తెర మీద గడ్డ తళుక్కున మెరవాలి. ఈ పొద్దున మాత్రం గడ్డలున్న ఎలుకల్లో సగం మెరవనేలేదు.

“మందు నేనే సరిజూసిన సార్. సగానికి అంటుకున్నయి గద. మందే తప్పైతే ఒక్కదానికి గూడ అంటొద్దు.”

“సగం కనిపెట్టే మందు ఎవరిక్కావాలమ్మా? మిగతా సగం మంది చచ్చిపోవాలా? రేపట్నుంచి మీరు రానక్కర్లేదు!”

ఏడుపు రావలసిన చోట సుకుమారికి కోపమే వచ్చింది. అరిచే నోటికి వినే చెవి ఉండదు, ఇక చూపించాల్సిందే అనుకుంది. ఎలుకల గది చూసుకునే వెంకటేశం గుమ్మంలో బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉన్నాడు.

“వెంకటేశమన్నా, మెరవని ఎలుకల డబ్బా పట్కరా, జల్దీ!”

“ఎందుకు, దిష్టి తీస్తారా?” భీమశంకరం వెటకారం చేశాడు.

గడ్డ పెట్టిన ఎలుక నెత్తిన ఎర్ర రంగు చుక్క వేయడం అక్కడి పద్ధతి. గడ్డ లేనిదాన్ని తెల్లగానే వదిలేస్తారు. ఆ రంగు కడిగినా పోదు. సుకుమారి తడి దూదితో ఒక ఎలుక నెత్తి రుద్దింది. చుక్క కాస్తా దూదికొచ్చేసింది. ఇంకోదాన్ని రుద్దింది. అదీ అంతే.

“సూడుండ్రి సార్! ఇవన్నీ మంచిగున్న ఎలుకలు. గడ్డే లేకుంటె నా బుడగలు దేన్ని పట్టుకుంటయి? ఎవరో దొంగ చుక్కలు పెట్టిండ్రు!”

భీమశంకరం మొహం కందగడ్డయింది. కోపం తగ్గలేదు, దారి మార్చుకుంది అంతే.

“నిన్న సెలవు. తాళం నీ దగ్గరే ఉంది కదయ్యా వెంకటేశం! ఎవణ్ణి రానిచ్చావు? పేరు చెప్పు. ఎంతటివాడైనా సరే, మెడబట్టి గేటు బయటికి గెంటిస్తాను!”

వెంకటేశం ఒక అడుగు వెనక్కి వేశాడు.

“చెప్పన్నా, భయమెందుకు?” సుకుమారి కూడా గద్దించింది. “నా నౌకరీ పోతున్నది ఇక్కడ!”

వెంకటేశం చేతులు కట్టుకున్నాడు.

“మీరే గద సారూ! నిన్న చవితి పూజ కాంగనే లోపలికొచ్చి, వినాయకుడి వాహనాలకు బొట్టు లేకుంటే ఎట్లా అని, చేతికందినదానికల్లా కుంకుమ పెడ్తిరి.”