కంప్యూటర్ చదవని మాట

కంప్యూటర్ ఆపరేటర్ సొరుగులో చిన్న చిన్న చీటీలు ఒక గుండుసూదికి గుచ్చి ఉన్నాయి.

మొదటిదాని మీద "ఆయన బయటికి వెళ్ళినప్పుడు అడగండి" అని ఉంది.

రెండోదాని మీద "ఇది మూడోసారి."

రికార్డుల సెక్షన్ పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుంది. ఆసుపత్రిలో అందరూ ఆవిడని చాటుగా భూతద్దం అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఆ పేరు మొదట పెట్టిందెవరో కూడా కూపీ లాగింది.

ఇంట్లో కోడలు "కాఫీ బాగుందా అత్తయ్యా" అంటే, ఇవాళే ఎందుకు అడిగిందా అని సాయంత్రం దాకా ఆలోచించే మనిషి.

నెల రోజులుగా ఆవిడ కళ్ళు ఆపరేటర్ మీదే ఉన్నాయి. యాభై దాటినవాడు, నోట్లో నాలుక లేనివాడు. అలాంటివాళ్ళనే అసలు నమ్మకూడదని ఆవిడ సిద్ధాంతం.

అతను చేయాల్సింది చాలా తక్కువ. ఊరి చివరి క్లినిక్ ఎవరినైనా ఇక్కడికి పంపితే, మనిషి కంటే ముందు ఎక్స్ఎమ్ఎల్ ఫైలు వస్తుంది. పేరు, వయసు, దెబ్బ ఎక్కడ, ఎలా తగిలింది. ఒక్కో సంగతి ట్యాగులనే ఒక్కో జత గుర్తుల మధ్య బుద్ధిగా కూర్చుని ఉంటుంది. ఇక్కడి కంప్యూటర్ అది చదువుకుని ఎక్కడివక్కడ సర్దేస్తుంది. ఎవరూ వేలు పెట్టనక్కర్లేదు.

ఇతను మాత్రం ప్రతి ఫైలూ తెరుస్తాడు. అడుగుకంటా చదువుతాడు. చీటీ మీద ఏదో గీకి, లేచి పావుగంట మాయమవుతాడు.

మొన్న అతను లేనప్పుడు ఆవిడా ఒక ఫైలు తెరిచింది. ట్యాగుల నడుమ ఒకచోట బాణం మొన, ఆశ్చర్యార్థకం, రెండు అడ్డగీతలు. వాటి వెనక ఒక వాక్యం. అలా రాస్తే దాన్ని కామెంట్ అంటారు. కంప్యూటర్ దాన్ని చదవకుండా దాటుకుని పోతుంది.

రాసేది క్లినిక్ నర్సు. చదివేది ఈయన.

ఒంటికాలి మీద లేవడానికి ఆవిడకి ఆ మాత్రం చాలు. డైరెక్టర్‌కి ఫిర్యాదు పంపింది. ఈ పొద్దుటి నుంచి కామెంట్లన్నీ లోపలికి రాకముందే చెరిపేసేలా ప్రోగ్రాం పెట్టించింది. మిగిలింది ఈ సొరుగే.

"మేడమ్."

ఆపరేటర్ వెనకే నిలబడి ఉన్నాడు. నా సొరుగు ఎందుకు తీశారని కూడా అడగలేదు. అదీ అనుమానమే ఆవిడకి.

"ఎవరండీ ఈ ఆయన? ఆ నర్సు మొగుడా?"

"పేషెంటు మొగుడు మేడమ్."

ఆవిడ చీటీలు బల్ల మీద పెట్టింది.

"ఎలా తగిలింది అన్నచోట పేషెంటు చెప్పిందే రాయాలి మేడమ్. పక్కన మొగుడుంటే మెట్ల మీంచి పడ్డానంటుంది. దెబ్బ చూస్తే నర్సుకి తెలిసిపోతుంది. కానీ అనుమానం రాయడానికి ట్యాగు లేదు కదా. అందుకే కామెంట్లో పెడుతుంది. నేను చీటీ రాసి వార్డులో పెద్ద నర్సుకి ఇస్తాను. ఆవిడ విడిగా అడుగుతుంది."

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

"చెప్తే ముందు రూలుందా అని అడుగుతారు మేడమ్."

నిజమే, అదే అడిగేది. ఆవిడకి సిగ్గేసింది.

"ఇవాళొకటి వచ్చింది," అన్నాడతను. "నాలుగో వార్డు. ఇరవై ఆరేళ్ళ అమ్మాయి. ఎడమ మణికట్టు విరిగింది. బాత్రూంలో జారిందట. కట్టు కట్టేశారు, అరగంటలో ఇంటికి పంపేస్తారు. ఫైలు తెరిచి చూశాను. కామెంటు లేదు."

"రాయలేదేమో."

"అయ్యుండొచ్చు. రాయలేదో, మీ ప్రోగ్రాం చెరిపేసిందో ఎలా తెలుస్తుంది మేడమ్?"

క్లినిక్‌కి ఫోన్ చేస్తే ఆ నర్సు డ్యూటీ దిగి వెళ్ళిపోయిందన్నారు. ఇక్కడి పెద్ద నర్సు సెలవు.

ఆవిడ తనే నాలుగో వార్డుకి బయల్దేరింది. ఇతను కట్టుకథ చెప్పలేదు కదా అని మెట్లెక్కుతూ కూడా అనుమానమే. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆవిడ ఒక పేషెంటు మంచం దాకా వెళ్ళడం ఇదే మొదలు.

కిటికీ పక్క మంచం. మొగుడు గ్లాసు పట్టుకుని అమ్మాయికి నీళ్ళు తాగిస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. ఆమె జుట్టు చెదిరితే తనే సర్దాడు. ఎవరు చూసినా అదృష్టవంతురాలు అనుకుంటారు.

"ఏమ్మా, ఎలా పడ్డావు?"

"బాత్రూంలో జారిందండీ," అన్నాడతను.

"నొప్పి ఉందా తల్లీ?"

"తగ్గిందండీ." ఆ మాటా అతనే అన్నాడు.

అమ్మాయి కుడిచెయ్యి దుప్పటి అంచుని బిగించి పట్టుకుని ఉంది.

"బాబూ, డిశ్చార్జి కాగితం మీద మీ సంతకం ఒకటి మిగిలిపోయింది. కింద రికార్డుల సెక్షన్లో ఆపరేటర్ ఉంటాడు, ఎక్కడ పెట్టాలో చూపిస్తాడు."

పచ్చి అబద్ధం. ఆవిడ గొంతు తొణకలేదు.

అతను కదలడానికి కాస్త ఆలోచించాడు. "ఇప్పుడే వస్తా," అని అమ్మాయి భుజం నొక్కి వెళ్ళాడు.

ఆవిడ స్టూలు మంచం దగ్గరికి లాక్కుంది. చేతిలో ఫైలు లేదు, పెన్ను లేదు.

"ఇప్పుడు నువ్వు చెప్పమ్మా. ఎలా తగిలింది?"

అమ్మాయి దుప్పటి అంచు వదిలింది. తర్వాత గుమ్మం వైపు చూసింది.

"ఆయన తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందండీ?"