దేవుడిచ్చిన బ్రాంచి

రెండువేల రెండులో కృపావతికి ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. వచ్చిందే గానీ, అరకులో వాళ్ల పెంకుటింట్లో శాంతి పోయింది.

తండ్రి ఎలీయేజరు సివిల్ అంటాడు. కూతురు ఎలక్ట్రానిక్స్ అంటుంది. సోమవారమే విశాఖలో కౌన్సెలింగ్.

"సివిల్ సదివితే పనికి లోటుండదే గుంటా. ఏటా వానకి మన ఘాట్ రోడ్డు కొట్టుకుపోద్ది. ఏటా మళ్లీ వెయ్యాల."

"నాకు ఫిజిక్స్‌లో పరిశోధన సెయ్యాలనుంది నాన్నా. ఇంజనీరింగే సదవమన్నావు, సరేనన్నాను. ఎలక్ట్రానిక్స్ అయితే రేపు అటెల్లే దారి మూసుకుపోదని మా సారు సెప్పేరు."

"పరిశోధనంటే ఏటే?" చేటలో చోళ్లు చెరుగుతూ అడిగింది నాయనమ్మ పైడమ్మ. "పోయినదాన్ని ఎతకడమా?"

"ఉన్నదాన్నే ఎతకడం మామ్మా."

"ఉన్నదాన్ని ఎతికితే జీతమిత్తారేటి!"

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఎలీయేజరే దిగివచ్చాడు. తెగని తగవుకి చీట్లు వేసి ప్రార్థన చేయడం ఆ చర్చిలో తాతలనాటి ఆనవాయితీ.

"సీట్లేద్దాం. ఏదొత్తే అదే దేవుడి మాట. తరవాత నేను నోరెత్తితే ఒట్టు," అన్నాడు సంఘమంతా వినేలా.

కృపావతి నమ్మలేకపోయింది. పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి ఇంత మెత్తబడ్డాడా!

"కంప్యూటర్లకీ ఒకటుండనీ, పోనీ," అంటూ అతనే ఉదారంగా మూడు చీట్లు రాశాడు. మడిచి కానుకల సంచిలో వేశాడు.

పాస్టరు జాకబ్ గారు ప్రార్థన చేశారు. పైడమ్మ కళ్లు మూసుకుని ఒకటి తీసింది.

"నీ చదువు. నువ్వే విప్పమ్మా," అన్నారు పాస్టరు.

కృపావతి విప్పింది. చూసింది. తండ్రి వైపోసారి చూసింది. మళ్లీ చీటీ చూసి గట్టిగా చదివింది.

"ఎలక్ట్రానిక్స్!"

పాస్టరు చీటీ అందుకున్నారు. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. ఆ వాన చలిలోనూ ఎలీయేజరు మెడకి చెమట పట్టింది.

"ఆమెన్," అని ఆయన చీటీ జేబులో వేసుకున్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఎలీయేజరు నోరు తెరిచాడు. మూశాడు.

"ఏట్రా? దేవుడు సెప్పేక నీకేటి కట్టం?" తల్లి పైడమ్మ గద్దించింది.

"ఏటీ లేదమ్మా."

మూడు చీట్ల మీదా తన చేత్తో సివిల్ అనే రాసిన మనిషి, ఇంకేమని చెబుతాడు!