ఎర్ర చెప్పులు

గుమ్మం బయట కియారష్ బూట్లు మాత్రమే ఉన్నాయి. పరస్తూ ఎర్ర చెప్పులు మాయమయ్యాయి.

మధ్యాహ్నం మూడు గంటలు. ఎండకు జడిసి ఎడారి ఊరు నాయిన్ అంతా తలుపులు మూసుకుని నిద్రపోతోంది.

పరస్తూ చప్పున తలుపు వేసేసింది.

"కియా, లే! నా చెప్పులు ఎవరో తీశారు."

"పిల్లి లాక్కుపోయుంటుంది."

"రెండూనా?"

కియారష్ నిద్ర వదిలిపోయింది.

ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు. మష్ రజబ్. ఆ విడిదిలో వాకిలి ఊడ్చి, టీ అందించే ముసలాయన. పొద్దుట దిగినప్పటి నుంచీ వాళ్ల గుమ్మంలోని చెప్పులకేసే చూస్తున్నాడు. టీ గ్లాసులు పెడుతూ, "ఉంగరం వదులైందేం తల్లీ, పెళ్లయ్యాక చిక్కిపోయావా?" అని కూడా అన్నాడు.

ఆ ఉంగరం పరస్తూది కాదు. వాళ్లక్కది.

విడిది యజమానురాలు తూబా ఖానుమ్ ముందుగా అడిగింది గుర్తింపు పుస్తకాలే. పెళ్లయిన ఆడవాళ్లకు రెండో పేజీలో మొగుడి పేరుంటుంది. పరస్తూకు ఆ పేజీ ఖాళీ.

"టెహరాన్‌లో మరిచిపోయాం ఖానుమ్. సాయంత్రానికి ఫోటో తెప్పిస్తాను," అన్నాడు కియారష్.

"సరే, అందాకా రిజిస్టర్లో నీ పేరొక్కటే రాస్తా. పుస్తకం చూశాకే నీ పెళ్లాం పేరు."

సాయంత్రంలోగా ఊరు దాటిపోవాలనుకున్నారు. ఇప్పుడీ చెప్పులు.

"సాక్ష్యానికి పట్టుకెళ్లాడు," అంది పరస్తూ. పెళ్లి కాకుండా ఒకే గదిలో పట్టుబడితే కోర్టు, కొరడా దెబ్బలు. వాటికంటే ముందు నాన్నకు ఫోన్ వెళుతుంది. నాన్న గుండె తట్టుకోదు.

తలకు గుడ్డ చుట్టుకుంది.

"ఎక్కడికి? గొడవ చెయ్యకు!"

"నోరు మూసుకుంటే తప్పు చేసినట్టుంటుంది. నిజం పెళ్లాలైతే అరుస్తారు."

వాకిట్లో రాళ్లు పెనంలా కాలుతున్నాయి. వట్టికాళ్లతోనే పరుగెత్తి తూబా ఖానుమ్ తలుపు బాదింది.

"మీ మష్ రజబ్ నా చెప్పులు ఎత్తుకుపోయాడు!"

ముసలాయన వీధి తలుపు దగ్గరే నిలబడి సందులోకి చూస్తున్నాడు.

"నువ్వేనా తీసింది?" తూబా ఖానుమ్ ఉరిమింది.

"నేనే."

"ఎందుకు?"

ముసలాయన కళ్లు సందులోనే ఉన్నాయి.

"అతిథి చెప్పుల మీద చెయ్యేస్తావా? ముప్ఫై రెండేళ్లు నా ఉప్పు తిని నా పరువే తీస్తావా? మూట కట్టుకో! ఈ గడప మళ్లీ తొక్కకు."

మష్ రజబ్ తల ఊపాడు. పరస్తూ వైపు తిరిగి, ఎదుటి గదికేసి గడ్డంతో చూపించాడు.

"అక్కడున్నాయి. వెళ్లి తీసుకో తల్లీ. త్వరగా."

అది మష్హద్ యాత్రకు పోతున్న ఆడవాళ్ల గది. గుమ్మంలో నాలుగు జతల నల్ల చెప్పుల మధ్య ఎర్ర చెప్పులు.

పరస్తూ వంగిందో లేదో, లోపలి నుంచి ఒక చెయ్యి ఆమెను లాగేసింది.

"కూర్చో. నీ పేరేంటే?" అంది ఓ పెద్దావిడ.

"ప... పరస్తూ."

"నువ్వు నా తమ్ముడి కూతురివి. పుచ్చకాయ తిను."

బయట జీపు ఆగిన చప్పుడు. పోలీసులు.

బూట్ల చప్పుడు ముందు కియారష్ గది దగ్గర ఆగింది.

"ఒక్కడివేనా?"

"అ... అవునండీ."

గుమ్మంలో ఒకే జత. రిజిస్టర్లో ఒకే పేరు. తూబా ఖానుమ్ ఏదో అనబోయి నోరు మూసుకుంది.

ఆ చప్పుడు ఇటు మళ్లింది. ఆడవాళ్ల గది కాబట్టి అధికారి లోపలికి తొంగిచూడలేదు.

"ఎంతమంది అక్కా?"

"ఐదుగురం బాబూ. చెప్పులు లెక్కపెట్టుకో."

లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. పరస్తూ నోట్లో పుచ్చకాయ ముక్క అలాగే ఉండిపోయింది.

"ఈ ఎర్రవి ఎవరివి?"

"మా పిల్లవి. యాత్రకొచ్చినా వయసు వయసే కదయ్యా! నల్లవి తొడుక్కోవే అంటే వింటుందా?"

గుమ్మంలో బూట్లు వెనక్కి కదిలాయి.

"మీ జియారత్ యాత్ర బాగా జరగాలి," అన్నాడు చివరికి.

జీపు వెళ్లిపోయాక పరస్తూ పుచ్చకాయ ముక్క మింగింది.

"మీకు... ఎవరు చెప్పారు?"

"ఆ ముసలాయనే. రొట్టెలకని వెళ్లి, జీపు చూసి పరుగెత్తుకొచ్చాడు. నీ చెప్పులు మా వాటిలో కలిపేసి, 'పిల్ల వెతుక్కుంటూ వస్తుంది, మీ పిల్లే అనుకోండి' అన్నాడు."

మష్ రజబ్ బస్సులు ఆగే చోట మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పరస్తూ రొప్పుతూ ఎదుట నిలబడింది.

"మాకే చెప్పొచ్చుగా తాతా?"

"చెబితే మీరిద్దరూ బ్యాగు పట్టుకుని వీధిలోకి ఉరికేవాళ్లు. జీపు సందు మొదట్లోనే ఉంది."

"రండి. ఖానుమ్‌తో నేను చెబుతాను."

"ఏమని? పెళ్లి కాలేదనా?"

దూరంగా బస్సు దుమ్ము లేచింది.

"మీ మేలు..."

"అంత మాట అనకు తల్లీ." ముసలాయన మూట ముడి విప్పాడు. బట్టల మధ్య పాత పేపర్లో చుట్టిన చెప్పులు. సన్నని నీలిరంగు పట్టీలు, ఆడపిల్లవి.

"పనిలో చేరిన కొత్తలో ఆ గుమ్మంలోనే రెండు జతలు చూశాను. ఆ పిల్లను వట్టికాళ్లతోనే జీపెక్కించారు. ఇవి గుమ్మంలో ఉండిపోయాయి. ఎప్పటికైనా వస్తుందని దాచాను, రాలేదు." బస్సు వచ్చి ఆగింది. ఆయన లేచాడు. "అప్పుడు ఆ జీపును పిలిచింది నేనే తల్లీ."