గట్టి గోడలకు తరుగు

"మీ పాతిల్లు తీసుకుని కొత్తిల్లు ఇస్తున్నాం. కానీ ఈ గోడలకు కొంత తరుగు తీయాలమ్మా," అన్నాడు బిల్డర్ పంపిన మనిషి.

ఆమెకు ఒళ్లు మండింది. "ఏం, బీటలున్నాయా?"

"లేవు. అదే తంటా. ఇంత గట్టి గోడలు కూల్చేసరికి మా తలప్రాణం తోకకొస్తుంది."

"పూటపూటా నీళ్లు మోసి తడిపాం నాయనా! గట్టిగా కట్టుకోవడం కూడా తప్పేనా?"

"నువ్వూరుకోవే," సంతకానికి వంగిన భర్త కసిరాడు. "ఈ పాత కొంపకి అంత గొడవా?"

ఆమె ఊరుకోలేదు. "మరి మీ కొత్తిల్లు కూల్చాలంటేనో?"

"దానికేముందమ్మా! ఒక్క పూట చాలు," నవ్వేశాడతను.

భర్త చేతిలో పెన్ను ఆగిపోయింది. గోడ వంక ఒకసారి చూశాడు. కాగితాలు అతని ఒళ్లోకి విసిరేశాడు.

"లేవయ్యా, బయటికి నడు!"