మందుపెట్టె అడిగిన మాట

గనిలో బండ మీదపడి కటి ఎముకలు విరిగాక ఓదెలు మళ్లీ నడిచాడు, పనికీ పోయాడు. మగతనం మాత్రం తిరిగి రాలేదు. అందుకు ఇచ్చే మాత్రలు ఇప్పుడు ఇంటింటా ఉండే మాట్లాడే మందుపెట్టెలోంచి వస్తాయి. గుణం లేదని భార్య స్వరూప చెబితేనే పెట్టె మోతాదు పెంచుతుంది. ఓదెలు ఆశంతా ఆ పెంచే మోతాదు మీదే.

ఆదివారం పొద్దున, ఆ మాత్రలు నడుంనొప్పికనుకునే బావమరిది టీ తాగుతుండగా పెట్టె అడిగింది. "స్వరూపగారూ, మందు ఎలా పనిచేస్తోంది?"

"మంచిగనే ఉన్నది," అంది స్వరూప, తమ్ముడి వైపు చూడకుండా.

"సంతోషం. నయమైనట్టు రాసి మాత్రలు ఆపేస్తున్నాను. ఓదెలుగారూ, ఒప్పుకుంటారా?"

"ఇగ దావత్ ఇయ్యాలె బావా," అని బావమరిది నవ్వాడు.

లేదు అంటే చాలు, మాత్రలు ఆగవు. కానీ ఏం నయం కాలేదో పెట్టె అందరి ముందూ అడుగుతుంది. పైగా రెండేళ్లుగా పడకగదిలో స్వరూప తనకూ ఇదే మాట, ఇదే గొంతుతో చెబుతోంది. నమ్మినట్టే ఉంటూ వచ్చాడు.

"ఒప్పుకుంటున్న," అన్నాడు ఓదెలు.

పెట్టెకు తాళం పడింది. స్వరూప మళ్లీ టీ పోసి, తమ్ముడి కంటే ముందు ఓదెలుకిచ్చింది.